ప్రెస్సు మూసేశాం, నోటీసులు ఎందుకు ఆగట్లేదు?

ప్రశ్న: మేడమ్, విజయవాడలో 21 ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపాను. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు వేసేవాళ్లం. ఒకప్పుడు 22 మంది పనిచేసేవాళ్లు, చివరికి 9 మంది మిగిలారు. మార్చి 31న తాళం వేశాను. అమ్మకాలే లేవు కదా అని జీఎస్టీ రిటర్నులు వెయ్యడం మానేశా. ఇప్పుడేమో పోర్టల్‌లో నోటీసు పడింది, పీఎఫ్ ఆఫీసు నుంచి కూడా మెసేజ్ వచ్చింది. మెషీను, కొంత పేపరు ఇంకా లోపలే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఒక మాట చెప్తానండి, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మెషీను ఉంది, పేపరు ఉంది, ఆ 9 మంది సంగతి మాత్రం లేదు. నేనైతే వాళ్ల దగ్గరే మొదలుపెట్టమంటాను. ఆఖరి నెల జీతాలు ఎవరికైనా బాకీ ఉంటే ఇవాళే ఇచ్చెయ్యండి, కొత్త వేతనాల కోడ్ ప్రకారం మూసేసిన రోజు నుంచి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి, మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. తర్వాత గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు వెళ్లేటప్పుడు ఇచ్చే మొత్తం. పదిమంది లేరు కదా, నాకు వర్తించదులే అనుకుంటారేమో, ఒకసారి పదిమంది ఉన్న సంస్థకి వర్తించిందంటే తర్వాత తగ్గినా వర్తిస్తూనే ఉంటుంది. అయిదేళ్లు నిండిన ప్రతివాళ్లకీ ఆఖరి జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో గుణించి 26తో భాగించాలి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. మీ దగ్గర మొదటినుంచీ ఉన్న కటింగ్ మెషీను ఆయన ఉన్నాడనుకుందాం, బేసిక్ డీఏ కలిపి 13,000 అయితే ఏడాదికి 7,500, 21 ఏళ్లకి 1,57,500 రూపాయలు. ఇది కాక మూసివేత పరిహారం వేరే ఉంది, ఏడాదికి 15 రోజుల సగటు జీతం లెక్కన, ముందస్తు నోటీసు ఇవ్వకపోతే దాని బదులు నెల జీతం. వ్యాపారం దెబ్బతింది కాబట్టి ఇవ్వలేను అంటే చట్టం ఊరుకోదు, నష్టాలు రావడాన్ని మీ చేతిలో లేని కారణంగా అది ఒప్పుకోదు. పెద్ద మొత్తమే, నాకు తెలుసు. కానీ మెషీను అమ్మిన డబ్బు చేతికి రాగానే మొదట వెళ్లాల్సింది అక్కడికేనండి, ఇరవై ఏళ్లు రంగు పూసుకున్న చేతులవి.

ఇక పీఎఫ్. 22 మంది ఉన్నప్పుడు రిజిస్టర్ అయ్యారు కాబట్టి 9కి తగ్గినా ఖాతా బతికే ఉంటుంది, తాళం వేసినా బతికే ఉంటుంది. మీరు చెయ్యాల్సింది ఏంటంటే మార్చి దాకా నెలనెలా పీఎఫ్ చందాల లెక్క చూపే ఈసీఆర్‌లు అన్నీ వేసి, ఎంప్లాయర్ లాగిన్‌లో ఒక్కొక్కళ్ల పేరు మీదా ఉద్యోగం వదిలిన తేదీ, కారణం ఎక్కించాలి. ఇది అందరూ మర్చిపోయే పని, ఆ తేదీ లేకపోతే పాపం వాళ్లు డబ్బు తీసుకోడానికి క్లెయిమ్ పెట్టినా ముందుకి కదలదు. అందరి తేదీలూ అయ్యాక సంస్థ మూసేశామని రీజినల్ ఆఫీసుకి రాసివ్వండి, జీఎస్టీ రద్దు ఆర్డరు చేతికొచ్చాక అది కూడా జత చెయ్యండి. అప్పటిదాకా చందా కట్టే సభ్యులు ఒక్కళ్లు లేకపోయినా నెలకి 75 రూపాయల అడ్మిన్ చార్జి పడుతూనే ఉంటుంది, 75 ఏగా అని వదిలేస్తే ఏళ్లు గడిచాక వడ్డీ, డ్యామేజీలతో కలిపి వస్తుంది.

ఈఎస్ఐ (పనివాళ్ల వైద్య బీమా) కూడా అలాగే, ఆఖరి చందా కట్టి అందరికీ ఎగ్జిట్ పెట్టి ఆఫీసుకి రాయాలి. ఇక్కడ మీ పనివాళ్లకి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టిన చందాకి జూలై నుంచి డిసెంబరు దాకా ప్రయోజనం ఉంటుంది. అంటే మీ ప్రెస్సు మార్చిలో మూతపడ్డా చందా రోజులు సరిపోయినవాళ్లకి ఈ డిసెంబరు వరకూ హక్కు ఉంటుంది. ఫ్యాక్టరీ పోయింది, ఈ కార్డు ఎందుకులే అని పారేసేవాళ్లని చాలామందిని చూశాను. ఫోన్ చేసి చెప్పండి, మీకు ఒక్క పూట పని.

ఇప్పుడు జీఎస్టీ. అమ్మకాల్లేకపోయినా రిజిస్ట్రేషన్ ఉన్నన్నాళ్లూ నిల్ రిటర్ను వెయ్యాల్సిందే. నిల్ అయితే లేటు ఫీజు రోజుకి 20, ఒక రిటర్నుకి 500 దాటదు, కాబట్టి భయపడకుండా పెండింగ్‌వన్నీ వేసెయ్యండి. వ్యాపారం ఆగిన 30 రోజుల్లోపు ఆర్‌ఈజీ-16 ఫారంలో రద్దుకి అప్లై చెయ్యాలి, మీకు అది కూడా దాటింది, అయినా మీ అంతట మీరు పెట్టుకోవడమే మంచిది. ఆఫీసరే రిటర్నులు లేవని రద్దు చేస్తాడులే అని కూర్చుంటే బాకీలు ఎక్కడికీ పోవు, రేపు మీరు మీ పాన్ మీద ఇంకో వ్యాపారం పెడదామన్నా ఈ పాత కేసు అడ్డం పడుతుంది. అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది, ఇక నెలనెలా రిటర్ను గోల ఉండదు.

కానీ అప్లై చేసే ముందే మెషీను అమ్మెయ్యండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఎందుకంటే కొనేవాడికి మీరు పన్ను బిల్లు ఇవ్వగలిగితే అతనికి క్రెడిట్ వస్తుంది, అంటే ఆ మేరకు తను కట్టాల్సిన జీఎస్టీ తగ్గుతుంది, కాబట్టి ధర బాగా పలుకుతుంది. రద్దయ్యాక మీ దగ్గర బిల్లే ఉండదు. లెక్క ఇలా ఉంటుంది: మూడేళ్ల కింద మెషీను కొన్నప్పుడు 1,80,000 క్రెడిట్ తీసుకున్నారనుకోండి. జీఎస్టీ లెక్కలో యంత్రాల ఆయుష్షు అయిదేళ్లు, అంటే 60 నెలలు, అందులో 36 అయిపోయాయి, 24 మిగిలాయి, ఆ 24 నెలల వాటా 72,000. మూడు లక్షలకి అమ్మారు, 18 శాతం లెక్కన పన్ను 54,000. రెండిట్లో ఏది ఎక్కువైతే అది, అంటే 72,000 కట్టాలి. అమ్మకపోయినా ఇదే పద్ధతి. మెషీను కొని అయిదేళ్లు దాటిపోయుంటే క్రెడిట్ వెనక్కి ఇచ్చే బాధ లేదు, అమ్మిన ధర మీద పన్ను చాలు. గొడౌన్లో మిగిలిన పేపరు రీముల్ని కూడా కూర్చుని లెక్కపెట్టండి, వాటి మీద తీసుకున్న క్రెడిట్ కూడా తిరిగి కట్టాలి. పాత కొనుగోలు బిల్లులు దొరకట్లేదా, మార్కెట్ ధర ప్రకారం లెక్కగట్టి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

రద్దు ఆర్డరు వచ్చిందని పండగ చేసుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. దాని తర్వాత ఆఖరి రిటర్ను ఒకటి ఉంది, జీఎస్‌టీఆర్-10, రద్దు తేదీ, ఆర్డరు తేదీల్లో ఏది తర్వాత వస్తే అక్కణ్నించి మూడు నెలల్లో వెయ్యాలి. వెయ్యకపోతే రోజుకి 200, మొత్తం 10,000 దాకా. స్టాకు వివరాలు, తిరిగి కట్టిన క్రెడిట్ అంతా అందులోనే చూపించాలి, అది పడేదాకా జీఎస్టీ పని అయిపోయినట్టు కాదు.

వృత్తి పన్ను రిజిస్ట్రేషన్ కూడా విడిగా రద్దు చేయించాలి, మీ సొంత ఎన్‌రోల్‌మెంటుతో సహా. టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకునే పన్ను) కోస్తూ ఉంటే ఆఖరి త్రైమాసికం రిటర్ను వేసి, ఎవరికి కోశారో వాళ్లకి సర్టిఫికెట్లు ఇచ్చేశాకే టాన్ (టీడీఎస్ కట్టడానికి తీసుకున్న నంబరు) వదులుకోవాలి. పాన్ మాత్రం ముట్టుకోకండి, సొంత వ్యాపారంలో పాన్ మీదే, ప్రెస్సుది కాదు.

అన్నిటికంటే ఆఖర్న కరెంటు ఖాతా. కిందటేడు నా దగ్గరికొచ్చిన ఒకావిడ మొట్టమొదట బ్యాంకు ఖాతానే మూసేసింది, జీఎస్టీ క్యాష్ లెడ్జర్లో (పోర్టల్లో పన్ను కోసం ముందే వేసిన డబ్బు ఉండే ఖాతాలో) మిగిలిన డబ్బు రీఫండ్ పెడితే పడటానికి ఖాతా లేదు, పైగా రిజిస్టరైన ఫోన్ నంబరు పాత అకౌంటెంటుది, ఓటీపీ అతని ఊళ్లో మోగుతోంది. అంచేత ఆ సిమ్ ఎవరిదో ఇవాళే చూసుకోండి. పుస్తకాలు, బిల్లులు, జీతాల రిజిస్టర్లు పాత కాగితాలవాడికి ఇవ్వకండి, జీఎస్టీ రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

ప్రశ్న: అమ్మా, కరీంనగర్‌లో ఒక షోరూంలో చేసిన. మా ఓనర్ దుకాణం మూసేసి ఫోన్ ఎత్తుతలేడు. పీఎఫ్‌ల నేను వదిలిన తేదీ వెయ్యలేదు. ఆఖరి అయిదు నెలలు జీతంలకెళ్లి పీఎఫ్ కోసిండు కానీ పాస్‌బుక్‌ల పడలేదు.
– ఒక చెల్లెలు

జవాబు: తేదీ సంగతి సులువు తల్లీ, ఓనర్ అక్కర్లేదు. ఆఖరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలు గడిస్తే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) పోర్టల్లో నువ్వే పెట్టుకోవచ్చు, ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఒక్కసారి పెడితే మార్చడం కష్టం, తేదీ సరిచూసుకుని నొక్కు. కోసి కట్టకపోవడం మాత్రం చిన్న తప్పు కాదు, చట్టంలో అది నమ్మకద్రోహం కిందికొచ్చే క్రిమినల్ నేరం. ఆ అయిదు నెలల జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌బుక్ ప్రింటు పెట్టి పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్లో కంప్లైంట్ వెయ్యి, నంబరు రాసిపెట్టుకో. నీతోపాటు చేసినవాళ్లంతా ఎవరికివాళ్లు వేస్తే ఇంకా బలం.

ప్రశ్న: హన్మకొండలో మా పార్ట్‌నర్‌షిప్ సంస్థ నుంచి నేను రెండేళ్ల కింద తప్పుకున్న, కాగితం రాసుకున్నం. మిగతావాళ్లు ఇప్పుడు మూసేసిండ్రు. పన్ను బాకీ నోటీసు నా పేరు మీద కూడా వచ్చింది. ఇదెక్కడి న్యాయం?

జవాబు: మీలో మీరు రాసుకున్న కాగితం మీ మధ్యే చెల్లుతుందండీ. పార్ట్‌నర్ తప్పుకున్నప్పుడు నెలలోపు జీఎస్టీ కమిషనర్‌కి తెలియజెయ్యాలి, లేదంటే తెలియజేసిన రోజు దాకా వచ్చిన బాకీలకి మీరూ బాధ్యులే. బయట అప్పులిచ్చినవాళ్ల విషయంలో కూడా పబ్లిక్ నోటీసు ఉండాలి. రిజిస్టరైన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి తెలపాలి, గెజిట్లో వెయ్యాలి, జిల్లాలో నడిచే తెలుగు పేపర్లో వెయ్యాలి. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది, ఆ నోటీసులో బాకీ ఏ నెలలదో చూడండి. మీరున్న కాలానిది అయితే కట్టక తప్పదు. తర్వాతదైతే తప్పుకున్న డీడు (మీరు రాసుకున్న ఆ కాగితమే), అప్పట్లో పోర్టల్లో మీ పేరు తీసేసిన సవరణ ఏమన్నా ఉంటే అది, గడువులోపు జవాబుతో పెట్టండి. కట్టాల్సి వచ్చినా డీడులో రాసుకున్న షరతుల్ని బట్టి మిగతా పార్ట్‌నర్ల దగ్గర రాబట్టుకునే దారి ఉంటుంది, ఆ డీడు ఒరిజినల్ పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి.