స్కిడ్ స్టీర్ డ్రైవ్ చైన్ బిగించాలా, మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సుమారు 3,000 గంటలు తిరిగిన స్కిడ్ స్టీర్, అంటే ముందు బకెట్ ఉండే చిన్న లోడర్. ముందుకు వెళ్తూ వెనక్కి మార్చగానే ఎడమ వైపు ‘ధడ్’మంటోంది, నెమ్మదిగా నడిపితే ఆగి ఆగి ‘టక్’మంటోంది. మోటారు నుంచి చక్రాలను తిప్పే చైన్‌ను బిగిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు, మీకు నమ్మకం కుదరడం లేదు.

నేనైతే ఇప్పుడే బిగించను. ఒకసారి అలా చేసి చేతులు కాల్చుకున్నాను. నా యంత్రంలోనూ ఇవే చప్పుళ్లు. చైన్ బిగించగానే పోయాయి, నేనూ మురిసిపోయాను. రెండు నెలలకు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి స్ప్రాకెట్లు (చైన్ తగులుకునే పళ్ల చక్రాలు) పాతవే ఉంచి చైన్ ఒక్కటీ కొత్తది వేశాను. అది పాతదానికంటే ముందే పాడైంది. అసలు తప్పు టైర్లదని తెలిసేసరికి రెండు చైన్ల డబ్బు వదిలిపోయింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందుగా యంత్రాన్ని చదునైన చోట లేపి, చక్రాలు నేలకు తగలకుండా గట్టి స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్ముకుని కిందికి దూరవద్దు. లిఫ్ట్ ఆర్మ్ (బకెట్‌ను మోసే చేయి) ఎత్తి ఉంచాల్సి వస్తే దాని లాక్ తప్పనిసరిగా వేయండి. ఇంజన్ ఆపి, ఒక్కో చక్రాన్నీ చేత్తో ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. చైన్ పట్టుకునేలోపు టైరు ఎంత కదులుతోందో నాలుగు చక్రాలకూ పోల్చుకుంటే ఏ చైన్ వదులైందో అక్కడే తెలిసిపోతుంది. ముందు చక్రం చైన్ ఎక్కువ అరిగి ఉండవచ్చు. బకెట్ నిండినప్పుడు బరువు ఎక్కువగా ముందు యాక్సిల్ (ఇరుసు) మీదికి వస్తుంది కదా.

అదే చక్రం కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తి చూడండి. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే. చక్రం పైకీ కిందికీ ఆడితే యాక్సిల్ బేరింగ్ పోయినట్టు. బేరింగ్ వదులైతే యాక్సిల్ వాలుతుంది, స్ప్రాకెట్ వరుస తప్పుతుంది, చైన్ పక్క ప్లేట్లు దాని అంచును ఒరుసుకుంటాయి. ఆ స్థితిలో చైన్ బిగిస్తే బేరింగ్ మీద ఇంకా భారం వేసినట్టే. చైన్ తిరిగే నూనె పెట్టె సీల్ దగ్గర నూనె కారుతుంటే అనుమానం మరింత బలపడుతుంది.

ఇక ‘టక్’ చప్పుడు. దాన్ని లెక్కపెట్టండి. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, సీటులో ఒకరు బెల్టు పెట్టుకుని కూర్చుని అతి నెమ్మదిగా తిప్పుతుంటే, మీరు దూరంగా నిలబడి చూడండి. చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక్కసారి వస్తే యాక్సిల్ స్ప్రాకెట్‌లో ఒక పన్ను పాడై ఉండవచ్చు. ఒక్క చుట్టులోనే పలుమార్లు వస్తే మోటారు వైపున్న చిన్న స్ప్రాకెట్‌ను చూడండి. ఒకటికి మించిన చుట్లకు ఒకసారి వస్తే చైన్‌లోనే ఎక్కడో లింకు బిగుసుకుపోయింది, లేదా రోలర్ (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) పగిలింది. నాకు రెండు చుట్లు దాటాక, గీత కాస్త ముందుకు జరిగాక వినిపించేది. ఆ పెట్టెలో నూనె తీసినప్పుడు అడుగున విరిగిన చేతిగాజు ముక్కలాంటి వంపు తిరిగిన ఇనుప ముక్క దొరికింది. అది సగం రోలర్!

నూనె తీసేటప్పుడు శుభ్రమైన పళ్లెంలో పట్టండి. అయస్కాంతం ఉన్న ప్లగ్ మీద బూడిద రంగు ముద్ద పేరుకోవడం మామూలే. చేతికి తగిలే ముక్కలుంటే మాత్రం మామూలు కాదు. నూనె పాలలా తెల్లబడితే నీరు చేరింది.

తర్వాత కొలత. చైన్ సాగిందంటాం గానీ, నిజానికి ప్లేట్లు సాగవు. పిన్నులూ, వాటి చుట్టూ ఉండే బుష్‌లూ అరిగి ఒక్కో కీలు దగ్గర కాస్త ఖాళీ ఏర్పడుతుంది, అదంతా కలిసి పొడవు పెరుగుతుంది. 80 నంబరు చైన్ అయితే పిచ్, అంటే పక్కపక్క పిన్నుల మధ్య దూరం, 25.4 మిల్లీమీటర్లు. చైన్‌ను లాగిపట్టి, ఒక పిన్ను మధ్య నుంచి పదమూడో పిన్ను మధ్య వరకు కొలిస్తే కొత్తదానికి 304.8 రావాలి. 314 దగ్గరికి వచ్చిందంటే 3 శాతం పెరిగినట్టు, ఇక దాన్ని తీసేయడమే. సర్దుబాటుకు వీల్లేని అమరికలో 1.5 శాతానికే, అంటే 309 దాటగానే మార్చడం మంచిది. మీ యంత్రం మాన్యువల్‌లో వేరే పరిమితి ఉంటే అదే పాటించండి. మూడు నాలుగు చోట్ల కొలవండి. నా చైన్ ఒకచోట 311, ఇంకోచోట 315 చూపింది. అలాంటిదాన్ని ఒకచోట సరిగ్గా బిగిస్తే, కాస్త తిరిగాక ఇంకోచోట వదులవుతుంది.

స్ప్రాకెట్ పళ్లను పక్క నుంచి చూడండి. కొత్త పన్ను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అరిగింది పులిగోరులా ఒక వైపుకు వంగుతుంది. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే పిచ్ కలవదు. భారం పళ్లన్నింటికీ పంచుకోబడక ఒకటి రెండింటి మీదే పడుతుంది, రోలర్ పన్ను పైకి ఎక్కి జారుతుంది. నేను డబ్బు మిగిల్చానని అనుకున్నది సరిగ్గా ఇక్కడే. పళ్లు వంగితే చైన్, స్ప్రాకెట్లు కలిపే మార్చండి.

ఇప్పుడు టైర్ల సంగతి. ఒక వైపున్న రెండు చక్రాలూ చైన్ల ద్వారా ఒకే మోటారుకు కట్టుబడి ఉంటాయి, కాబట్టి సమానంగా తిరగక తప్పదు. నేను ఎడమ వైపు ముందు టైరు ఒక్కటీ కొత్తది వేశాను, వెనకది బాగా అరిగింది. టేపు చుట్టి కొలిస్తే చుట్టుకొలతలో 60 మిల్లీమీటర్ల తేడా. అంటే ప్రతి చుట్టుకూ ఏదో ఒక టైరు ఆ మేర నేల మీద జారాలి. మట్టిలో జారుతుంది. కాంక్రీటు మీద అంత తేలిగ్గా జారదు, ఆ పెనుగులాట అంతా చైన్ల మీద పడుతుంది. ఒకే వైపు రెండు టైర్లూ ఒకే చుట్టుకొలతలో ఉండాలి, గాలి కూడా సమానంగా ఉండాలి.

మరమ్మతు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కొన్ని యంత్రాల్లో యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్‌ను పట్టి ఉంచే గూడు) బోల్టులు వదులు చేసి దాన్ని జరిపి బిగిస్తారు, కొన్నింటిలో చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఉంటుంది, కొన్నింటిలో సర్దుబాటే ఉండదు. అతిగా బిగించకండి, మాన్యువల్ చెప్పినంత ఊగు ఉండనివ్వండి. పొడవు సరిపోవడం లేదని సగం లింకు వేయకండి, చైన్‌లో ముందుగా తెగేది అదే. పాత లింకుకు వెల్డింగ్ చేయించడం అంతకంటే ఘోరం. పాత చైన్ విప్పడానికి పిన్ను తలను గ్రైండ్ చేసి, చైన్ బ్రేకర్‌తో నెట్టి తీయండి. పెట్టె మూత పెట్టేముందు రెండు స్ప్రాకెట్ల పక్కలకూ ఒక తిన్నని కమ్మీ ఆనించి వరుస చూడండి.

కొత్త చైన్ మొదటి గంటల్లో కాస్త సర్దుకుంటుంది. నేను 50 గంటలకు మళ్లీ వదులు చూశాను, నూనె కూడా అప్పుడే మార్చాను. ఈసారి ప్లగ్ మీద బూడిద ముద్ద తప్ప ఏమీ లేదు.