కర్క్యుమిన్ ఫైటోసోమ్ (పసుపులోని కర్క్యుమిన్‌ను లెసిథిన్ కొవ్వుతో జతకట్టించిన కాంప్లెక్స్) జిగురుముద్దలా వస్తోంది, నీళ్లలో వేస్తే పసుపు అడుక్కి చేరుతోంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

1 గ్రాము కర్క్యుమిన్‌కు 1 గ్రాము సోయా లెసిథిన్ గ్రాన్యూల్స్ కలిపి, డైక్లోరోమీథేన్ ద్రావకంలో 2 గంటలు రిఫ్లక్స్ (మరిగించి, ఆవిరిని చల్లబరిచి మళ్లీ ఫ్లాస్కులోకే దించడం) చేశానన్నారు. ముద్ద జిగురుగా ఉందని, మైక్రోస్కోప్‌లో సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించాయని రాశారు. జిగురు గురించి బెంగపడకండి. ఆ సూదులే అసలు సంగతి చెబుతున్నాయి: మీ కర్క్యుమిన్‌లో ఎక్కువ భాగం కాంప్లెక్స్ కాలేదు, లెసిథిన్ పక్కన ఊరికే కూర్చుంది.

మొదటి తప్పు లెక్కలో ఉంది. పేపర్లలో రాసే 1:1 మోలార్ నిష్పత్తి, అంటే అణువుల లెక్క, తూకం కాదు. కర్క్యుమిన్ అణుభారం 368, లెసిథిన్‌లో దానికి జోడు కట్టే ఫాస్ఫోలిపిడ్ అయిన ఫాస్ఫాటిడైల్‌కోలిన్‌ది సుమారు 775. గ్రాన్యూల్స్‌లో ఫాస్ఫాటిడైల్‌కోలిన్ 20–25 శాతమే ఉంటుంది. అంటే మీరు వేసిన 1 గ్రాము లెసిథిన్‌లో దాదాపు 0.3 మిల్లీమోల్ ఉంటే, కర్క్యుమిన్ 2.7 మిల్లీమోల్ పడింది. తొమ్మిది అణువులకు ఒక్కటే జోడు. మిగతా ఫాస్ఫోలిపిడ్లు కొంత పట్టుకున్నా ఈ తేడా పూడదు. డబ్బా మీద ‘లెసిథిన్’ అని చూసి తూచకండి, సర్టిఫికెట్‌లో ఫాస్ఫాటిడైల్‌కోలిన్ శాతం చూసి తూచండి. 70 శాతం గ్రేడ్ దొరికితే 368 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌కు 1.1 గ్రాములు పడుతుంది. ద్రవ లెసిథిన్ అసలే వద్దు, అందులో మూడో వంతుకు పైగా నూనే ఉంటుంది. ఎంత ఆరబెట్టినా పొడి కాదు.

రెండోది తేమ. లెసిథిన్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. కర్క్యుమిన్ ఫినాల్ గుంపు వెళ్లి పట్టుకోవాల్సిన ఫాస్ఫేట్ చోటును ఆ నీరు ముందే ఆక్రమిస్తుంది. సిలికా జెల్ వేసిన వాక్యూమ్ డెసికేటర్‌లో రాత్రంతా ఉంచి, తెల్లారి తూచండి.

మూడోది మీ అనంతపురం ఎండ. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే 35 దాటి ఉంటాయి. ఆ నీళ్లు కండెన్సర్‌లో తిరిగితే ఆవిరి చల్లబడదు, పైనుంచి వెళ్లిపోతుంది. ద్రావకం తగ్గేకొద్దీ కర్క్యుమిన్ స్ఫటికాలుగా విడిపోతుంది. టబ్బులో ఐసు నీళ్లు పోసి, ఎయిర్‌కూలర్ మోటరుతో కండెన్సర్‌కు తిప్పండి. బాత్ 45 డిగ్రీలు దాటనివ్వకండి, పని ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యండి. 20 మిల్లీలీటర్ల ద్రావకం 2–3 గంటల తర్వాత కూడా దాదాపు అంతే ఉండాలి, తేటగా ఉండాలి. ఫ్లాస్కుకు ఫాయిల్ చుట్టండి, కర్క్యుమిన్‌కు వెలుతురు పడదు.

తర్వాత ద్రావకాన్ని 5 మిల్లీలీటర్లకు తగ్గించి, కలుపుతూ 20 మిల్లీలీటర్ల ఎన్-హెక్సేన్ చుక్కచుక్కగా పోస్తారు. ఇక్కడే చాలామంది మోసపోతారు. హెక్సేన్‌లో కాంప్లెక్స్ కరగదు, నిజమే. విడి కర్క్యుమిన్ కూడా కరగదు! రెండూ కలిసే అడుక్కి వస్తాయి. అందుకని అవక్షేపం వచ్చినంత మాత్రాన కాంప్లెక్స్ అయినట్టు కాదు.

తేల్చుకోవడానికి 50 మిల్లీగ్రాముల నమూనాను 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, 3000 ఆర్‌పీఎమ్‌లో 10 నిమిషాలు తిప్పండి. స్ఫటికాలు అడుక్కి దిగుతాయి, కాంప్లెక్స్ చాలావరకు పైన మబ్బుగా నిలుస్తుంది. ఆ మబ్బు నీటిని నేరుగా యూవీలో పెట్టకండి. కాంతి చెదిరి, లేని కర్క్యుమిన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. పూర్తిగా తేటబడేదాకా మిథనాల్‌తో పలచబరిచి 425 నానోమీటర్ల దగ్గర చదవండి. ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో చేసే పరీక్ష) 3500 దగ్గరి కర్క్యుమిన్ ఫినాల్ సన్నటి శిఖరం వెడల్పవ్వాలి లేదా మాయమవ్వాలి. వేడి చేస్తూ కరిగే శిఖరాన్ని చూసే డీఎస్‌సీ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి: వేడి చేసేటప్పుడు కరిగిన లెసిథిన్‌లోకి కర్క్యుమిన్ కరిగిపోయి, ఒట్టి మిశ్రమంలో కూడా 180 డిగ్రీల దగ్గరి కర్క్యుమిన్ శిఖరం చదునవుతుంది. మిక్సింగ్ మాత్రమే చేసిన నమూనాను పక్కన పెట్టి పోల్చకపోతే వైవాలో నిలబడలేరు.

ఇక జిగురు. సోయా ఫాస్ఫోలిపిడ్ కాంప్లెక్స్ 35 డిగ్రీల గదిలో జిగటగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక గీకి, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్‌తో నూరండి. మార్కెట్‌లో దొరికే కర్క్యుమిన్ ఫైటోసోమ్ మెరివాలో కూడా కర్క్యుమిన్ 1, లెసిథిన్ 2, సెల్యులోజ్ 2 పాళ్లు ఉంటాయి.

డిస్సల్యూషన్ (మందు ఎంత విడుదలై కరుగుతుందో చూసే పరీక్ష) పీహెచ్ 7.4 బఫర్‌లో చెయ్యొద్దు. 37 డిగ్రీల దగ్గర అలాంటి బఫర్‌లో కర్క్యుమిన్ అరగంటలోనే చాలావరకు విరిగిపోతుంది, మీరేమో విడుదల కాలేదనుకుంటారు. 6.8 బఫర్‌లో 0.5 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ వేసి చెయ్యండి.

థీసిస్ చర్చలో ‘లింఫ్ మార్గంలో వెళ్తుంది’ అని అలవాటుగా రాసేయకండి. ఆ దారికి లాగ్-పి (కొవ్వులో కరిగే గుణానికి కొలత) 5 దాటాలి, కర్క్యుమిన్‌ది 3 చుట్టూ ఉంటుంది. లిపిడ్ ముఖ్యంగా చేసేది కరగని మందును పేగులో విడివిడిగా నిలపడం. పేగు గోడ, కాలేయం కలిసి కర్క్యుమిన్‌ను గ్లూకురోనైడ్‌గా (శరీరం బయటకు పంపే రూపం) మార్చేయడం వేరే సమస్య. 1998 బెంగళూరు అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో ఇచ్చిన 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియాల ఘాటు పదార్థం) అడ్డుకున్నది దాన్నే. మెరివాకు చెప్పే 29 రెట్ల ఎక్కువ శోషణ కూడా ఎంజైమ్‌తో గ్లూకురోనైడ్లను విడగొట్టి కొలిచిన మొత్తం. రక్తంలో విడిగా తిరిగే కర్క్యుమిన్ ఎంతో తక్కువ. ఎగ్జామినర్ అడిగేది ఇదే.

మిగిలిన నమూనాను మోకాళ్ల నొప్పులున్న అవ్వకు ఇవ్వొచ్చా అన్నారు. వద్దు. డైక్లోరోమీథేన్ 600, హెక్సేన్ 290 పీపీఎమ్‌కు మించకూడదు, గ్యాస్ క్రోమటోగ్రఫీ లేకుండా అది తెలియదు. పైగా శోషణ పెంచిన కర్క్యుమిన్ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి, కొందరిలో హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 జన్యువుతో సంబంధం కనిపించింది. అవ్వ పాలల్లో వేసుకునే మైదుకూరు పసుపు సంగతి వేరు, 3 గ్రాముల చెంచాలో కర్క్యుమిన్ 100 మిల్లీగ్రాములకు అటూఇటూ, అందులోనూ లోపలికి చేరేది కొద్దిగానే. దాన్ని అలాగే వేసుకోనివ్వండి.