బుజ్జీ, వెలిగిందని మురిసిపోకు

బుజ్జీ, నువ్వు చేసిన సిలికాన్ నానోపార్టికల్స్ (కంటికి కనిపించనంత చిన్న సిలికాన్ రేణువులు) ఫోటో చూశా, యూవీ లాంప్ కింద ఎర్రగా భలే వెలుగుతున్నాయి, కానీ రేపు పొద్దున కూడా అలాగే ఉంటాయా అన్నదే నా డౌట్. నేనూ ఒకప్పుడు ఇలాగే ఎగిరి గంతేసి తార్నాకలో ఇరానీ చాయ్ తాగి ఇంటికెళ్లిపోయా, తెల్లారి వచ్చి చూస్తే బాటిల్ మబ్బుగా, వెలుగు చచ్చి పడుంది.

1990లో కానమ్ అనే ఆయన పోరస్ సిలికాన్ (సన్నటి రంధ్రాలున్న సిలికాన్) ఎర్రగా వెలగడం చూపించాడు కదా, అప్పట్నుంచీ అందరికీ తలనొప్పి సర్ఫేసే. హెచ్‌ఎఫ్‌తో (హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో) ఎచ్ చేశాక, అంటే పై ఆక్సైడ్‌ని కరిగించేశాక, రేణువు పైన మిగిలేది సిలికాన్-హైడ్రోజన్ బాండ్, గాలి తగిలితే ఆక్సిడైజ్ అయిపోతుంది, ఇక మన జులై వానల్లో తేమ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే పార్టికల్స్‌ని యాసిడ్‌లోంచి టాల్యూయిన్ అనే సాల్వెంట్‌లోకి లాగిన వెంటనే, లంచ్ తర్వాత చేద్దాంలే అనుకోకుండా, డోడెసీన్ అనే హైడ్రోకార్బన్ ద్రవంలో వేసి, గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ కింద 190 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచు. మబ్బుగా ఉన్నది తేటగా మారిందంటే పని అయినట్టే, ఇప్పుడున్నది సిలికాన్-కార్బన్ బాండ్, గట్టిది. డోడెసీన్ పాత సీసాలోదైతే పెరాక్సైడ్లు ఉంటాయి, అల్యూమినా పొడి నింపిన గొట్టంలోంచి పోసి, బాగా డీగ్యాస్ చేసి (కరిగిన గాలి తీసేసి) వాడు, నా మొదటి మూడు బ్యాచ్‌లు పాడైంది దానివల్లే (సీనియర్ మాట విననందుకు, ఇంకేం).

హెచ్‌ఎఫ్ దగ్గర మాత్రం నీ తొందరలు వద్దమ్మా. గాజు గిన్నెలు తినేస్తుంది, టెఫ్లాన్‌వో పాలీప్రొపిలీన్‌వో వాడు. పలచటి హెచ్‌ఎఫ్ చర్మం మీద పడితే నొప్పి కొన్ని గంటల తర్వాత గానీ తెలీదు, దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లు లాగేసే అర) పక్కనే పెట్టుకో, ఒంటరిగా అస్సలు చెయ్యకు, పడితే వెంటనే నీళ్లతో కడిగి జెల్ రాసి హాస్పిటల్‌కి పరుగెత్తు, నొప్పి లేదు కదా అని ఆగకు.

ఇంకో మాట, నీ రెండో బ్యాచ్ నీలంగా వెలిగిందన్నావు చూడు, దాన్ని నేను నమ్మను. ఎచింగ్‌కి ముందు 1100 డిగ్రీల దగ్గర వేడిచేస్తే వచ్చే 3 నానోమీటర్ల పార్టికల్స్ ఎర్రగానే వెలుగుతాయి, నీలం చాలాసార్లు నైట్రోజన్ చేరడం వల్లో ఆర్గానిక్ చెత్త వల్లో వస్తుంది. లైఫ్‌టైమ్, అంటే లాంప్ ఆపాక వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలువు, ఎరుపుకి మైక్రోసెకన్లు వస్తాయి, నీలం నానోసెకన్లలోనే ఆరిపోతుంది. పార్టికల్స్ వెయ్యకుండా ఒట్టి డోడెసీన్‌నే అలాగే వేడిచేసి, పోల్చి చూడ్డానికి బ్లాంక్‌గా పెట్టు. ఆదివారం ఇటు వస్తే ఆ బ్లాంక్ స్పెక్ట్రమ్ పట్టుకురా, మొన్నటి ఎర్ర సాంపిల్‌ని మాత్రం కిటికీ దగ్గర వారం ఉంచి మళ్లీ కొలిచాకే నాకు చెప్పు.

మీ బాబాయ్