తీగ పాకే నెలల్లో బొంత కుట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చిలగడదుంపల పెంపకం, బొంతల కుట్టుపని ఒకే శీర్షికలో ఎందుకని ఒకరిద్దరు అడిగారు. మాకు వచ్చే ఉత్తరాలే అందుకు కారణం. ఒకే ఉత్తరంలో మొదటి పేజీ కుండీల గురించి, రెండో పేజీ కుట్టు మిషన్ గురించి రాసేవారు ఇన్నేళ్లలో మాకు చాలామంది పరిచయమయ్యారు. ఈసారి వచ్చినవాటిలో ఏడింటికి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేడ మీద నాలుగు కుండీలలో చిలగడదుంప తీగలు నాటి, పదిహేను రోజులకొకసారి తప్పకుండా పశువుల ఎరువు వేశాను. తీగలు పిట్టగోడ దాటి కిందికి వేలాడాయి. నాలుగు నెలలు ఆగి తవ్వితే పెన్సిలంత వేళ్లు తప్ప ఒక్క దుంపా లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: శ్రద్ధ తక్కువై కాదు, ఎక్కువై జరిగిన పొరపాటు ఇది. బంగాళాదుంపకూ చిలగడదుంపకూ పేరులో తప్ప దగ్గరి చుట్టరికం లేదు. బంగాళాదుంప వంగ, టమాటాల కుటుంబానికి చెందినది, మనం తినేది నేలలో ఊరిన కాండాన్ని. చిలగడదుంప తూటికూరకు దగ్గరి బంధువు, అందులో ఊరేది వేరు. నాటిన తీగ ముక్క కణుపుల నుంచి పుట్టే వేళ్లలో ఏవి దుంపలు కావాలి, ఏవి సన్నని వేళ్లుగానే మిగిలిపోవాలి అన్నది చాలావరకు మొదటి నెల, నెలన్నరలోనే తేలిపోతుంది. ఆ రోజుల్లో మట్టిలో నత్రజని మితిమీరినా, నీరు నిలిచినా, మట్టి బిగిసిపోయి గాలి ఆడకపోయినా ఆ వేళ్లు పీచుకట్టి గట్టిపడతాయి. అలా గట్టిపడిన వేరు ఆ తరువాత ఎన్ని నెలలు ఆగినా ఊరదు. పక్షానికొకసారి మీరు అందించిన ఎరువంతా ఆకుకే పోయింది.

ఈసారి నాటకముందే, బాగా చివికిన ఎరువును మట్టిలో ఐదోవంతుకు మించకుండా కలిపి, ఆపైన ఎరువు మాట మరిచిపోండి. ఆకులు మరీ పాలిపోతే తప్ప మళ్లీ వేయనక్కరలేదు. దుంప ఊరడానికి పొటాష్ అవసరం కనుక కట్టెల బూడిద ఒక గుప్పెడు కలపవచ్చు. అయితే ఈ పంటకు పీహెచ్ 5.5 నుంచి 6.5 వరకు ఉండే కాస్త ఆమ్లగుణపు మట్టి నచ్చుతుంది, బూడిద ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, కాబట్టి గుప్పెడు గంప కాకుండా చూసుకోండి. కుండీ లోతు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. నేల మీద పెంచేవారు పాకిన తీగలు కణుపు కణుపుకూ వేళ్లూనకుండా అప్పుడప్పుడు ఎత్తి మళ్లీ అక్కడే పరచాలి. మీ తీగలు గాలిలో వేలాడాయి కాబట్టి ఆ బాధ మీకు లేదు.

ప్రశ్న: ఇంట్లో మొలకెత్తిన దుంపనే నాటవచ్చా? నీళ్ల గ్లాసులో పెట్టాలా, మట్టిలో పెట్టాలా?

జవాబు: దుంపనే నేరుగా పాతితే అది గజిబిజిగా మొలకలు వేస్తుందే గాని పంట సరిగా ఇవ్వదు, దాని నుంచి వచ్చిన నారును విడిగా నాటాలి. నీళ్లలోనూ మొలకలు వస్తాయి కాని తడిమట్టిలో వచ్చినవే బలంగా ఉంటాయి. దుంపను పడుకోబెట్టి, సగం మునిగేలా మట్టి కప్పి వెచ్చని చోట ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాలలో నాటడానికి వీలైన మొలకలు చేతికొస్తాయి. జానెడు పెరిగిన మొలకను దుంప తునక ఊడిరాకుండా, మట్టికి కాస్త పైన తుంచాలి. అప్పుడు దుంపలో తెగులు ఉన్నా నారుతో పాటు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇప్పటికే తీగ ఉన్నవారు 25 నుంచి 30 సెంటీమీటర్ల కొస ముక్కలు కోసి, మూడు నాలుగు కణుపులు మట్టిలోకి పోయేలా నాటుకుంటే చాలు.

ప్రశ్న: నేను ఇంటి దగ్గర బట్టలు కుడతాను. పాత జీన్స్ ప్యాంట్లు, మందపాటి గుడ్డ ముక్కలు చాలా మిగిలాయి. వాటితో చిలగడదుంపలకు సంచులు కుట్టవచ్చా? కొలతలు, కుట్టు వివరంగా చెప్పగలరు.

జవాబు: కుట్టవచ్చు, కుండీ కంటే సంచే మేలని కూడా మా అభిప్రాయం. గట్టి కుండీలో వేరు గోడను తాకి, దాని వెంబడే గుండ్రంగా తిరుగుతూ పోతుంది. గుడ్డ సంచిలో అంచు దాకా వచ్చిన వేరు కొసకు ఎండిన గాలి తగిలి అక్కడే ఆగిపోతుంది, వెనుక నుంచి పక్క వేళ్లు పుడతాయి. అదనపు నీరు కూడా నిలవకుండా జారిపోతుంది.

ముందు గుడ్డ సంగతి. నూలు జీన్స్ తడిమట్టిలో ఒక పంటకాలానికే చివికిపోతుంది, కాబట్టి దాన్ని ఒక్క పంటకే లెక్కవేసుకోండి. నేయకుండా అదిమి తయారుచేసే మందపాటి పాలీప్రొపిలీన్ గుడ్డ నాలుగైదు పంటలకు ఆగుతుంది. పిండి సంచుల వంటి నేసిన ప్లాస్టిక్ గోనెలను మాత్రం ఎండలో పెట్టకండి, పొడిపొడిగా రాలి మట్టిలో కలుస్తాయి. గుడ్డ ఏదైనా దారం మాత్రం పాలిస్టర్‌దే వాడాలి. నూలు దారం గుడ్డ కంటే ముందే కుళ్లి, సంచి కుట్ల దగ్గర విచ్చుకుంటుంది.

రెండు తీగ ముక్కలకు సరిపోయే సంచి 38 సెంటీమీటర్ల వ్యాసం, 38 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సుమారు 43 లీటర్ల మట్టి పడుతుంది. చుట్టూ తిరిగే గోడకు, కుట్టు మార్జిన్ 3 సెంటీమీటర్లు కలుపుకుని 123 సెంటీమీటర్ల పొడవు కావాలి. పైన మడవడానికి, కింద కుట్టడానికి కలిపి ఎత్తు 45 సెంటీమీటర్లు ఉంచండి. అడుగు బిళ్లను 41 సెంటీమీటర్ల వ్యాసంతో కత్తిరించండి. జీన్స్ కాళ్లను విప్పి అతుకుతున్నట్లయితే ప్రతి అతుకుకు మార్జిన్ వేరుగా లెక్కవేసుకోవాలని మీకు చెప్పనక్కరలేదు. 16 లేదా 18 నంబరు సూది, 3 మిల్లీమీటర్లకు పైబడిన కుట్టు పొడవు వాడితే మిషన్ మొరాయించదు. గోడ అతుకులను, ఒక అంచు మరొక అంచును మడిచి కప్పేలా రెండు వరుసలలో కుట్టండి. చాలా జీన్స్‌లలో కాలి లోపలి పక్కన కనబడే కుట్టు అదే. అడుగు బిళ్లను గోడకు కలిపేటప్పుడు రెండింటినీ నాలుగు సమాన భాగాలుగా గుర్తుపెట్టి, ఆ గుర్తులు కలిసేలా పిన్నులు గుచ్చి కుడితే చివరికి ముడత మిగలదు.

పట్టీల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి కుట్టిన సంచికి పట్టీలను పై అంచుకే కుట్టాను. మట్టి నింపి ఎత్తబోతే పట్టీలు రెండూ నా చేతిలోకి వచ్చాయి, సంచి మాత్రం కదలలేదు. తడిసిన మట్టితో ఆ సంచి 60 కిలోల దాకా తూగుతుంది. పట్టీని ఒక పక్క నుంచి అడుగు కిందుగా రెండో పక్కకు, ఒకే పొడుగు ముక్కగా వేసి గోడకు కుడితే బరువు అడుగు మీద పడుతుంది. అంతకన్నా మంచి పని, సంచిని ఉండవలసిన చోట పెట్టి ఆ తరువాతే మట్టి నింపడం. గుడ్డ సంచి కుండీ కంటే త్వరగా ఆరిపోతుంది కనుక వేసవిలో రోజూ వేలు రెండో కణుపు దాకా గుచ్చి తడి చూడండి. ఎండిన మట్టికి ఒక్కసారిగా నీరు పోస్తే ఊరుతున్న దుంపలు పగుళ్లిస్తాయి.

ప్రశ్న: బొంత, దుంపలు ఒకేసారి మొదలుపెట్టి రెండూ సగంలో వదిలేశాను. రెండింటికీ సమయం ఎలా సర్దుకోవాలి?

జవాబు: ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు వచ్చేవి కావు, పంట నడక తెలుసుకుని బొంతను దానికి జతపరచాలి. నారు కోసం దుంపను మట్టిలో పెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలు పెద్ద పని ఉండదు. ఆ రోజుల్లో గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి, ముక్కలు కత్తిరించుకోండి. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు. ముదురు రంగుల గుడ్డకు తడి తెల్లగుడ్డ ఒత్తి చూస్తే రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది.

నారు నాటిన మొదటి నలభై రోజులు నీరు, కలుపు, ఎత్తిపోసే మట్టి అంటూ రోజూ చేతులు మురికవుతాయి. అప్పుడు అరగంటలో లేచిపోగల పని, అంటే ముక్కలను మిషన్ మీద చిన్న చిన్న చదరాలుగా కలిపే పని పెట్టుకోండి. ఇక్కడే ఒక హెచ్చరిక. బొంత పనిలో కుట్టు మార్జిన్ సాధారణంగా పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పన్నెండు ముక్కల వరుసలో పదకొండు అతుకులు ఉంటాయి. ఒక్కో అతుకు దగ్గర మార్జిన్ ఒక్క మిల్లీమీటరు పెరిగితే రెండు వైపులా కలిసి 2 మిల్లీమీటర్లు పోతుంది, వరుస చివరకు వచ్చేసరికి 22 మిల్లీమీటర్లు తగ్గి పక్క వరుసతో కలవదు. మొదటి చదరం కుట్టగానే స్కేలు పెట్టి కొలవండి, ఇరవై చదరాలు అయ్యాక కొలిస్తే విప్పడానికే వారం పడుతుంది.

నలభై రోజులు దాటాక తీగ నేలను కప్పేస్తుంది, దాని నీడకు కలుపు మొక్కలు లేవలేవు, నీరు తప్ప అడిగేది ఏమీ ఉండదు. పై పొర, నడిమి దూది పొర, అడుగు పొర పరిచి చేతికుట్టు వేయడానికి ఇదే అదును. మధ్య నుంచి అంచులకు కచ్చా కుట్టు వేసి, ముడతలను బయటికి తోసుకుంటూ పోవాలి. ఈ రెండు నెలలలో దుంప ఊరిందేమోనని తవ్విచూడాలన్న కోరిక కలుగుతుంది. వేళ్లు తెగుతాయి కాబట్టి ఆ కోరికను సూదికి అప్పగించండి. 90 రోజుల తరువాత మాత్రం మొదలు దగ్గర వేలితో మట్టి పక్కకు నెట్టి చూడవచ్చు. రకాన్ని బట్టి 90 నుంచి 120 రోజులలో, కొన్ని 150 రోజులకు పంట తయారవుతుంది. తవ్వడానికి రెండు మూడు వారాల ముందు నీరు తగ్గిస్తారు, ఆ వారాలు బొంత అంచులకు పట్టీ వేసుకోవడానికి సరిపోతాయి.

ప్రశ్న: తీగలు కోసిన చేతులతో బొంత ముట్టుకున్నాను. ముందు ఏమీ కనబడలేదు, మర్నాటికి నల్లటి మరకలు తేలాయి. పోతాయా?

జవాబు: చిలగడదుంప తీగను గానీ దుంపను గానీ కోస్తే తెల్లని పాలు కారతాయి, ఆ పాలు ఆరాక గోధుమరంగుకు, నలుపుకు తిరుగుతాయి. జిగురు నీటికి లొంగదు. చేతులకు ముందు వంటనూనె రుద్ది, ఆ తరువాత సబ్బుతో కడుక్కోవాలి. గుడ్డ మీద తాజా మరక ఉంటే మొండి చాకుతో జిగురు గీకేసి, దూదితో నూనె అద్ది, పావుగంట తరువాత గిన్నెలు తోమే ద్రవంతో నూనెతో సహా వదిలించండి. ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరకు రానివ్వకండి, వేడికి మరక గట్టిగా పట్టుకుంటుంది. మీ మరకలు నల్లబడిపోయాయి కాబట్టి పూర్తిగా పోతాయని ఆశ పెట్టలేము. ఆ చోట గుడ్డతో కత్తిరించిన ఆకులు అతికి కుట్టడం మేలైన దారి. చిలగడదుంప ఆకు హృదయాకారమే, అచ్చుకు వేరే వెతకనక్కరలేదు.

ప్రశ్న: చీలిన, చిన్న దుంపల నుంచి గంజిపొడి తీసి బొంత ముక్కలకు పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. తెల్లకండ దుంపలైతే మంచిది, నారింజ రంగు దుంపలలో పిండి తక్కువ, గుడ్డకు రంగు పట్టే భయం ఎక్కువ. దుంపను తురిమి, నీళ్లలో పిసికి, గుడ్డలో వడగట్టి, కొన్ని గంటలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లని పిండి పేరుకుంటుంది. పైనీరు వంచేసి, రెండుమూడుసార్లు మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. అర లీటరు నీటికి ఒక పెద్ద చెంచా పిండిని ముందు చన్నీటిలో కలిపి ఉడికిస్తే పలుచని గంజి తయారవుతుంది. పడుగు పేకలకు ఐమూలగా కత్తిరించిన ముక్కలు సాగిపోతాయి కదా, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే అవి ఆకారం చెడకుండా కుట్టుకు వస్తాయి. బొంత పూర్తయ్యాక ఉతికి గంజి వదిలించాకే దాచండి, గంజి గుడ్డలను పురుగులు వెతుక్కుంటూ వస్తాయి.

ప్రశ్న: తవ్విన దుంపలు చప్పగా ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెడితే లోపల గట్టిపడ్డాయి. పాత బొంత కప్పి ఉంచవచ్చా?

జవాబు: అప్పుడే తవ్విన దుంపలో పిండే ఎక్కువ, తీపి తరువాత చేరుతుంది. తవ్విన దుంపలను కడగకుండా, దెబ్బతిన్నవి ఏరివేసి, సుమారు 29, 30 డిగ్రీల వేడి, మంచి తేమ ఉన్న చోట వారం రోజులు ఉంచితే గాయాల మీద కొత్త తోలు కడుతుంది. ఆ తరువాత 13 నుంచి 16 డిగ్రీల వద్ద నెలల తరబడి నిలువ ఉంటాయి. ఫ్రిజ్ చలి అంతకంటే చాలా తక్కువ కనుక లోపలి కండ దెబ్బతిని, ఉడికించినా మెత్తబడని గట్టి గుండె మిగులుతుంది. బొంత వద్దు, గాలి ఆడక చెమటపట్టి కుళ్లుతాయి. ముక్కుపురుగు సోకిన దుంప ఒకటి మిగిలినా మిగతావాటికి అంటుతుంది, కాబట్టి సన్నని రంధ్రాలు, చేదు వాసన ఉన్నవాటిని ముందే తీసివేయండి. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి, పలుచని నూలుగుడ్డ సంచిలో వదులుగా వేసి, చీకటి చోట పెట్టండి. ఇల్లు వేడిగా ఉంటే కొద్ది వారాలకే మళ్లీ మొలకలు వేస్తాయి. వాటిలో ఒకదాన్ని మట్టిలో పెట్టుకుంటే వచ్చే పంటకు నారు సిద్ధమవుతుంది.