విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఉన్న ఆఫీసులో ఫైళ్లు పంచుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

సాంబా. విండోస్ ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే పద్ధతిని లినక్స్‌కు నేర్పే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఇంకేమీ వెతకకండి, డబ్బు పెట్టి ఏమీ కొనకండి. ఆ లినక్స్ పెట్టెలో సాంబా వేస్తే, విండోస్‌కూ మ్యాక్‌కూ కొత్తగా ఏదీ ఎక్కించనక్కర్లేదు.

ఫైళ్లు పంచుకునే మరో పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్ అయితే వేగం అని సలహా ఇచ్చేవారు ఎలాగూ వస్తారు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఆ పద్ధతి యూనిక్స్ జాతి యంత్రాల మధ్య హాయిగా నడుస్తుంది. కానీ మామూలు అమరికలో అది పాస్‌వర్డ్ అడగదు, అవతలి యంత్రం చెప్పిన యూజర్ నంబరును నమ్మేస్తుంది. రెండు లినక్స్ యంత్రాల్లో ఇద్దరికీ నంబరు 1000 అయితే, దాని లెక్కలో ఇద్దరూ ఒక్కరే. ఆపిల్ సంస్థే ఫైళ్లు పంచుకునే తన సొంత పద్ధతి ఏఎఫ్‌పీని వెనక్కి నెట్టి, 2013లో మావెరిక్స్ అనే మ్యాక్ వెర్షన్‌తో, సాంబా మాట్లాడే ఎస్‌ఎంబీ వైపు వచ్చేసింది. ఇంకా చర్చ దేనికి?

విజయవాడలో నాకు తెలిసిన ఒక ప్రెస్సు ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో అక్కడ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లలో తిరిగేవి. ‘శుభలేఖ ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ ఓకే’ అని ఒకే కార్డుకు మూడు పేర్లు. ముహూర్తం దిద్దిన ఫైలు ఆపరేటర్ జేబులోనే ఉండిపోయింది, దిద్దనిది అచ్చు ప్లేటుకు వెళ్లింది. కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి మేనమామ కౌంటరు దగ్గర నిలబడి చదువుతుంటే యజమాని ముఖం చూడాలి! మర్నాడే నాకు ఫోను. “ఎంతైనా పర్లేదండీ, అన్నిటినీ కలిపేయండి.”

కొత్త విండోస్, మ్యాక్ ఒక పూటలో కలిసిపోయాయి. డిజైన్ చేసే అబ్బాయి తన మ్యాక్‌లో ఫైలు పేర్లలో తేదీలను వాలు గీతలు (/) పెట్టి రాసేవాడు. విండోస్ అలాంటి పేర్లు ఒప్పుకోదు కాబట్టి ఆ అలవాటు మాన్పించాల్సి వచ్చింది. అసలు పేచీ మూలన ఉన్న ఎక్స్‌పీ యంత్రంతో. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, తెలుగుకు వాడే అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసిన కార్డులన్నీ దాంట్లోనే. ఎక్స్‌పీకి పాత ఎస్‌ఎంబీ 1 తప్ప మరోటి రాదు. సాంబా 2019లో వచ్చిన 4.11 నుంచి దాన్ని మామూలుగా మూసే ఉంచుతోంది. అమరికల ఫైలులో కనీస ప్రోటోకాల్‌ను ‘ఎన్‌టీ1’ (ఎస్‌ఎంబీ 1కు సాంబా పెట్టిన పేరు) అని మారిస్తే తెరుచుకుంటుందని నెట్‌లో ఎవరైనా చెబుతారు. అయితే ఆ మార్పు సర్వర్ మొత్తానికీ వర్తిస్తుంది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది ఆ ఎస్‌ఎంబీ 1 లోని లోపం గుండానే. అందుకే ఎక్స్‌పీకి విడిగా ఒక పాత పెట్టె పెట్టి, ఇంటర్నెట్ పూర్తిగా తీసేశాను. పూర్తయిన ఫైళ్లను ఆ పెట్టె నుంచి అసలు సర్వర్‌కు ఆపరేటరే ఎక్కిస్తారు.

ఇంత తంటా ఎందుకు? ఆ పాత ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే గానీ, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు. వెతికితే పెళ్లికూతురి పేరు కూడా దొరకదు. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా మన ముద్రణ రంగం కదలదు. అడిగితే “ఆపరేటర్‌కు అదే అలవాటండీ” అంటారు. నన్నడిగితే మన ప్రెస్సుల్లో నెట్‌వర్క్ కష్టాల్లో సగం ఫాంట్ల కష్టాలే. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా అవి తీరవు.

మీ దగ్గర అలాంటి ముసలి యంత్రం లేకపోతే పని సులువు. ఒక్కొక్కరికి విడిగా యూజర్ పేరు ఇవ్వండి. అందరికీ కలిపి పాస్‌వర్డ్ లేని ఫోల్డర్ పెట్టకండి, కొత్త విండోస్ 11 దాన్ని తెరవడానికి ఎలాగూ మొరాయిస్తుంది. ఇంటి నుంచి కూడా ఫైళ్లు కావాలని ఎవరైనా అడిగితే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టండి, రౌటర్‌లో ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టును మాత్రం బయటికి తెరవకండి.