సిగరెట్ మానేశా, ప్రీమియం తగ్గుతుందా?

ప్రశ్న: సార్, నాకు 34 ఏళ్లు, సిగరెట్ మానేసి నాలుగు నెలలైంది. టర్మ్ పాలసీ (గడువులోగా చనిపోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఫారంలో పొగతాగను అని టిక్ పెట్టేయమంటున్నాడు ఏజెంట్, పెట్టొచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మానేశారంటే నిజంగా సంతోషమండీ, కానీ ఆ టిక్ మాత్రం పెట్టకండి. చాలా కంపెనీలు గత 12 నెలల్లో పొగాకు వాడారా అనే అడుగుతాయి, ఖైనీ గుట్కా కూడా అందులోకే వస్తాయి, పైగా ఒంట్లో నికోటిన్ ఆనవాళ్లు పట్టే కోటినిన్ టెస్ట్ చేస్తే నికోటిన్ గమ్ నమిలినా బయటపడుతుంది. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం మొదటి 3 ఏళ్లలో అబద్ధం తేలితే కంపెనీ పాలసీని రద్దు చేయొచ్చు, మీరు పోయాక క్లెయిమ్ వేళ అది జరిగితే చెప్పుకోడానికి మీరుండరు, ఆఫీసుల చుట్టూ తిరిగేది మీ ఇంట్లోవాళ్లు, నా భయమంతా అదే. ఏజెంట్‌కి ఏం పోయింది?

ఇంటికి మీ జీతమే ఆధారమైతే ఆగకండి, ఇప్పుడే నిజం రాసి ఎక్కువ ప్రీమియంకైనా తీసుకోండి. మామూలుగా అదే పాలసీలో తర్వాత రేటు తగ్గించరు, అందుకని ఏడాది దాటాక కొత్తదానికి అప్లై చేయండి, వయసు పెరిగినా సాధారణంగా తక్కువకే వస్తుంది. కొత్తది చేతికొచ్చేదాకా పాతది ఆపొద్దు. మళ్లీ తాగాలనిపిస్తే పొగాకు మానడానికి సాయం చేసే 1800-112-356 క్విట్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఫ్రీనే.