‘నా జాలి’ అంటే ఎవరి మీద జాలి?

సందేహం: మా అబ్బాయి ఇండీ పాటలు ఎక్కువగా వింటాడు. సినిమాలతో పని లేకుండా కుర్రాళ్లు తామే రాసుకుని, గిటారుతో పాడి యూట్యూబులో పెట్టే పాటలు. అందులో ఒక పాట పల్లవి ఇది: ‘నా జాలి నువ్వెరుగవు, వాన వెలసినా చూరు కారుతూనే ఉంది’. పాడే కుర్రాడు తన ప్రియురాలి మీద జాలిపడుతున్నాడని మావాడు అంటాడు. నాకేమో ‘జాలి’ అక్కడ అతకలేదనిపిస్తోంది. పైగా ‘వాన వెలసినా’ అంటే వాన పడినా అనా, ఆగినా అనా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ‘జాలి’ అక్కడ చక్కగా అతికింది. అయితే మీ అబ్బాయి అనుకున్న అర్థంలో కాదు. ఆ పాటలో జాలి అంటే దుఃఖం. ‘నా బాధ నీకు తెలియదు’ అంటున్నాడతను.

ఇప్పుడు జాలి అనగానే మనకు దయ, కనికరమే తోస్తాయి. పాత తెలుగులో ఈ మాటకు దుఃఖం, వ్యథ అనే అర్థం బాగా వాడుకలో ఉండేది. అందరికీ తెలిసిన సాక్ష్యం త్యాగరాజస్వామి ఆభేరి రాగ కీర్తన: ‘నగుమోము గనలేని నా జాలిఁ దెలిసి నన్ను బ్రోవగ రాదా శ్రీరఘువర నీ’. పల్లవి చివర విడిగా వేలాడుతున్నట్టుండే ‘నీ’ మళ్లీ మొదటికొచ్చి ‘నగుమోము’తో కలుస్తుంది. నవ్వే నీ ముఖాన్ని చూడలేకపోతున్న నా దుఃఖం తెలుసుకుని నన్ను కాపాడరాదా అని భావం. భక్తుడు రాముడి మీద కనికరం చూపడమేమిటి? ఆ అర్థం పెడితే కీర్తన తలకిందులైపోతుంది.

వాక్యాన్ని బట్టి తేల్చుకోవడానికి ఒక ఉపాయం చెబుతాను. కనికరం అయితే ‘ఎవరి మీద?’ అన్న ప్రశ్నకు జవాబు కావాలి. ‘నామీద జాలి లేదా?’ అంటాం, ‘వాడిపై జాలిపడ్డాను’ అంటాం. దుఃఖానికి ఆ అవసరం లేదు. ‘నా దిగులు’, ‘నా బెంగ’ అంటే చాలు. మీ పల్లవిలో ‘నీ మీద’ అనిగానీ ‘ఆమె మీద’ అనిగానీ లేదు. ‘నా జాలి’ అని ఊరుకున్నాడు. కీర్తనలోనూ అంతే.

దుఃఖం దయగా ఎలా మారిందంటారా? ఎదుటివాడి బాధ చూసి మనకు కలిగే బాధే కదా దయ! సంస్కృతంలో ‘కరుణ’ కూడా ఇలాగే రెండువైపులా ఉంటుంది. మాటల్లో కరుణ అంటే దయ. కావ్యాల తీరు చెప్పే అలంకారశాస్త్రంలో మాత్రం కరుణరసానికి స్థాయిభావం, అంటే మూలమైన భావం, శోకం. అంతదూరం ఎందుకు, మన ఇళ్లలోనే వినండి. ‘అమ్మ వాడివైపు జాలిగా చూసింది’ అంటే కనికరంతో చూసింది. ‘కుక్కపిల్ల జాలిగా చూసింది’ అంటే దీనంగా, బాధగా చూసింది. ఒకే మాట, పాత అర్థం కుక్కపిల్ల చూపులో ఇంకా బతికే ఉంది. నాకు ఇది ఎంతో ఇష్టమైన ఉదాహరణ.

ఇక వాన సంగతి. ‘వెలియు’ వేరు, ‘వెలయు’ వేరు. వాన ఆగిపోతే ‘వాన వెలిసింది’ అంటాం. బట్ట రంగు పోతే ‘వెలిసిపోయింది’ అనేదీ ఈ వెలియు నుంచే. ప్రకాశించడం, ప్రత్యక్షం కావడం వెలయు. ‘కొండ మీద వెలసిన స్వామి’ అనేది దాని నుంచి వచ్చింది. స్వామి విషయంలో కూడా ‘వెలిసిన’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రెండూ కలగాపులగమయ్యాయి. మీరు పంపిన పల్లవిలో ఉండవలసింది ‘వాన వెలిసినా’. వాన నిలిచిపోయాక కూడా చూరు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి అన్నమాట. పెంకుటిల్లో తాటాకిల్లో చూసినవాళ్లకు ఆ చప్పుడు తెలుస్తుంది, వాన తగ్గి ఎంతోసేపైనా ఒక్కొక్క చుక్కే పడుతూ ఉంటుంది. కలహమో ఎడబాటో అయిపోయింది, కన్నీరు మాత్రం ఆగలేదు. ఇలా చదివితే ‘జాలి’కి దుఃఖం అన్న అర్థాన్ని ఆ చూరే బలపరుస్తోంది.

పాట విని రాసుకునేటప్పుడు ఇలాంటి పొరపాట్లు సహజం. రాగంలో ‘లి’, ‘ల’ల మధ్య తేడా సన్నగిల్లుతుంది, హ్రస్వం దీర్ఘమవుతుంది. ‘తెలిసి’ని సాగదీస్తే ‘తెలిసీ’ అవుతుంది. మామూలు మాటల్లో ‘తెలిసి’ అంటే తెలుసుకుని, ‘తెలిసీ’ అంటే తెలిసి కూడా. నగుమోము వింటూ ‘నా బాధ తెలిసి కూడా కాపాడవా’ అని అర్థం చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే చెవికి తోచినదానికంటే వాక్యం ఒప్పుకునేదాన్ని నమ్మాలి.

ఆ కుర్రాడు త్యాగయ్యను విని రాశాడో, వాళ్ల నాయనమ్మ నోట విని రాశాడో, పదం బాగుందని పెట్టాడో మనం చెప్పలేం. ఏదైనా పదం మాత్రం సరైన చోటే పడింది. మీ అబ్బాయిని ఆ పాట కింద రాసిన సాహిత్యంలో ‘వెలసినా’ను ‘వెలిసినా’గా దిద్దమని వాళ్లకు ఒక ముక్క రాయమనండి.